చెరువుల మ్యాప్‌కు రంగులు ఎవరు వేయాలి? ఒక కేస్ స్టడీ

మ్యాప్ సర్వర్‌లోకి ఎక్కిన రోజు మేమంతా సంతోషంగానే ఉన్నాం. వరంగల్ వైపు ఒక మండలంలోని గొలుసుకట్టు చెరువులు, కుంటలు, వాటిని కలిపే ఒర్రెలు, కాలువలు, శిఖం హద్దులు, తూములు, మత్తళ్లు (అలుగులు), ఊళ్ల పేర్లు అన్నీ తెలుగులో కనిపిస్తున్నాయి. డేటా పోస్ట్‌జీఐఎస్ అనే డేటాబేస్‌లో ఉంది, మ్యాప్ ఇచ్చేది జియోసర్వర్, బ్రౌజర్‌లో చూపించేది ఓపెన్‌లేయర్స్. లైసెన్సులకు ఒక్క రూపాయి పెట్టలేదు. పని అప్పగించిన స్వచ్ఛంద సంస్థ ఊళ్లో మీటింగ్ పెట్టి, ప్రొజెక్టర్ మీద రైతులకు చూపించమంది. చూపించాం. ముందు వరుసలో కూర్చున్న, చెరువు నీళ్లు పొలాలకు వదిలే నీరటి తాత చాలాసేపు తెర వైపు చూసి అడిగాడు: "గీ నీలం ఎప్పటిది సారూ? వానకాలందా, ఎండకాలందా?"

నా దగ్గర జవాబు లేదు. మేం చెరువులన్నిటికీ ఒకే నీలం వేశాం. ఏడాది పొడుగునా నీళ్లుండే పెద్ద చెరువూ, సంక్రాంతికే అడుగంటే కుంటా ఆ మ్యాప్‌లో ఒకేలా ఉన్నాయి. పక్కనే ఉన్న రిటైర్డ్ ఇరిగేషన్ ఏఈ సారు, ఆయకట్టు ఎకరాలను బట్టి రంగులు మార్చమన్నారు. తాతకు కావల్సింది అది కాదు. "ఏ చెర్ల నీళ్లు ఎప్పటిదాక ఉంటయో గది చూపెట్టున్రి. ఎకరాలు మాకెర్కనే."

ఈ కేస్ స్టడీ ఆ మాట దగ్గర మొదలవుతుంది. తాత అడిగిన మార్పు చిన్నది. డేటాలో ఒక కాలమ్, మ్యాప్‌లో నాలుగు రంగులు. దాన్ని మ్యాప్ మీదికి తేవడానికి మాకు మూడు వారాలు పట్టింది. ఎందుకు పట్టిందో చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను.

ఎక్స్‌ఎంఎల్‌లో రంగులు

జియోసర్వర్‌లో మ్యాప్ ఎలా కనిపించాలో చెప్పేది ఎస్‌ఎల్‌డీ అనే ఫైలు. మ్యాప్‌ల ప్రమాణాలు తయారుచేసే ఓజీసీ సంస్థ 2002లో దీని మొదటి వెర్షన్ ఇచ్చింది. ఆలోచన గొప్పది. ఎవరి సర్వర్ అయినా, ఎవరి సాఫ్ట్‌వేర్ అయినా ఒకే స్టైల్ ఫైలును అర్థం చేసుకోవాలి. కానీ అది ఎక్స్‌ఎంఎల్, అంటే ప్రతి చిన్న విషయాన్నీ ట్యాగుల మధ్య పెట్టి రాసే పద్ధతి. యంత్రాలు ఒకదానితో ఒకటి మాట్లాడుకోవడానికి బాగుంటుంది, మనిషి చేత్తో రాయడానికి బాగుండదు. జియోసర్వర్‌లో స్టైల్ పేజీ తెరిస్తే ఎదురయ్యేది పెద్ద టెక్స్ట్ బాక్సు, వాలిడేట్ అనే బటన్, లెజెండ్ ప్రివ్యూ. కొత్త వెర్షన్లలో మ్యాప్ ప్రివ్యూ కూడా పెట్టారు, అది నిజంగా మేలు చేసింది. అయినా రాయాల్సింది మాత్రం రాయాల్సిందే.

నాలుగు రంగులంటే నాలుగు రూల్స్. ఒక్కో రూల్‌కు ఒక ఫిల్టర్, ఫిల్టర్ లోపల ఫీల్డు పేరు, విలువ, ఆ తర్వాత ఆకారాన్ని ఎలా గీయాలో చెప్పే పాలిగన్ సింబలైజర్, దాని లోపల ఫిల్, దాని లోపల రంగు, మళ్లీ గీతకు స్ట్రోక్, దానికో రంగు, దానికో మందం. ఒక్క రూల్ ఇరవై లైన్లు. దూరం నుంచి చూసినప్పుడు ఒకలా, దగ్గరగా చూసినప్పుడు ఇంకోలా కావాలంటే రూల్స్ రెట్టింపవుతాయి. కాలువకు ముదురు అంచు, లోపల లేత నీలం కావాలనుకోండి. రెండు కాలువలు కలిసే చోట అంచు అడ్డంగా కోయకూడదంటే, అంచులన్నీ ముందు, లోపలి గీతలన్నీ తర్వాత పడేలా స్టైల్‌ను రెండు భాగాలుగా రాయాలి. ఇవన్నీ తెలిసిన మా డెవలపర్ తమ్ముడికే ఆ ఫైలు తలనొప్పి అయింది. ఊరి పేరు చుట్టూ తెల్లటి హేలో పెట్టే చోట, ఫిల్ ముందు రాసి హేలో తర్వాత రాశాడు. ఫైలు ఏ వరుసలో ఉండాలో చెప్పే స్కీమా ప్రకారం హేలో ముందు రావాలి. వాలిడేట్ నొక్కితే ఎర్రగా ఎర్రర్ వచ్చింది. ఆ ఎర్రర్ ఏ లైనుదో చెప్పింది, వరుస తప్పిందని మాత్రం మామూలు మాటల్లో చెప్పలేదు. ఒక పూట దానికే పోయింది.

అసలు ఇబ్బంది ఆ పూట పోవడం కాదు, ఆ పూటలో తాత లేకపోవడం. రంగు ఎలా ఉండాలో తెలిసిన మనిషి ఊళ్లో ఉన్నాడు, రంగు మార్చగలిగిన మనిషి హైదరాబాద్‌లో ఉన్నాడు. మధ్యలో నేను. సంస్థలో పనిచేసే అమ్మాయి తాతను, ఏఈ సారును అడిగి నాకు వాట్సాప్‌లో స్క్రీన్‌షాట్ మీద సున్నా చుట్టి పంపేది. నేను దాన్ని తమ్ముడికి వివరించేవాణ్ని. అతను ఎస్‌ఎల్‌డీ మార్చి, సర్వర్‌లో పెట్టి, కొత్త స్క్రీన్‌షాట్ పంపేవాడు. "లేత నీలం ఇంకాస్త లేతగా" అన్న ఒక్క మాట రెండు రోజులు తిరిగింది. మూడో వారం వచ్చేసరికి అడగడం మానేశారు. ఏది పంపినా "బాగుంది సార్" అనేవాళ్లు. ఆ "బాగుంది" వినగానే నాకు భయం వేసింది. తప్పు చెప్పడం మానేశారంటే మ్యాప్ మీద ఆశ వదులుకున్నారన్నమాట.

పంచాయతీ ఆఫీసులో ఒక మధ్యాహ్నం

అప్పుడు ల్యాప్‌టాప్ పట్టుకుని నేనే ఆ ఊరికి వెళ్లాను. క్యూజీఐఎస్ అనే ఉచిత డెస్క్‌టాప్ మ్యాప్ సాఫ్ట్‌వేర్ తెరిచి, అదే పోస్ట్‌జీఐఎస్ డేటా లోడ్ చేసి, పంచాయతీ ఆఫీసు టీవీకి కలిపాను. క్యూజీఐఎస్‌లో లేయర్ స్టైలింగ్ అని ఒక ప్యానెల్ ఉంది, 2016లో వచ్చింది. అందులో రంగు జరిపితే పక్కన మ్యాప్ వెంటనే మారుతుంది. ఓకే నొక్కాల్సిన పని కూడా లేదు.

ముందు డేటాలో "ఎప్పటిదాకా" అనే కొత్త ఫీల్డు పెట్టాం. తాత ఒక్కో చెరువు పేరు చెప్తుంటే సంస్థ అమ్మాయి టైపు చేసింది. తాత నెలల పేర్లు చెప్పలేదు. సంక్రాంతి, శివరాత్రి, ఉగాది, రోహిణి కార్తె అన్నాడు. ఏఈ సారు మొదట జనవరి, మార్చి అని మార్చబోయి, ఆగి, "అట్లే ఉంచండి, ఉగాది దాకా నీళ్లుంటే యాసంగి వరి గట్టెక్కినట్టే, అదే సరైన లెక్క" అన్నారు. లెజెండ్ అలాగే వచ్చింది: సంక్రాంతి లోపే ఎండేవి, శివరాత్రి దాకా, ఉగాది దాకా, రోహిణిలోనూ నీళ్లుండేవి. క్లాసిఫై బటన్ నొక్కగానే చెరువులన్నీ నాలుగు రంగుల్లోకి విడిపోయాయి. తాత లేచి టీవీ దగ్గరికి వచ్చాడు.

"ముందుగాల ఎండేదానికి నీలమెందుకు బిడ్డా? మట్టి రంగు పెట్టు."

పెట్టాను. గోధుమ రంగు వేలితో జరుపుతుంటే, "ఇంకింత... ఆ, గట్ల" అన్నాడు. అరనిమిషం. వాట్సాప్‌లో రెండు రోజులు తిరిగిన మాట అక్కడ అరనిమిషంలో అయిపోయింది.

తర్వాత జరిగింది నేను ఊహించనిది. గొలుసు ఎటు నుంచి ఎటు పోతుందో కనబడాలని ఒర్రెల మీద చిన్న బాణాలు పెట్టాను. గీతను ఏ వైపుకు గీశారో బాణం ఆ వైపే చూపిస్తుంది. తాత వేలు ఒక చోట ఆగింది. "గిది ఉల్టా ఉంది. మత్తడి దుంకినంక నీళ్లు కింది కుంటకు పోవు, గుట్ట ఎనుక నుంచి తిరిగి ఆ పక్క చెరువుల పడ్తయి." డేటాలోనే తప్పు. శాటిలైట్ చిత్రం చూసి ఎవరో ఆఫీసులో గీసినప్పుడు ఒక కుంటకు తప్పు గొలుసు కలిపారు. బాణాలు లేనన్ని రోజులు ఆ తప్పు నీలి గీతల్లో కలిసిపోయి ఉంది. మ్యాప్‌కు రంగులు వేయడమంటే డేటా పని అంతా అయ్యాక చేసే అలంకారం అని చాలామంది అనుకుంటారు, నేనూ అలాగే అనుకునేవాణ్ని. ఆ మధ్యాహ్నం ఒక్క బాణం గుర్తుతో మూడు గొలుసు తప్పులు బయటపడ్డాయి.

ఇంకో సంగతి. గ్రామసభలో పంచేది కలర్ ప్రింటు కాదు, జిరాక్స్. క్యూజీఐఎస్‌లో ప్రివ్యూ మోడ్ అని ఉంది, నొక్కితే మ్యాప్ మొత్తం ఫోటోకాపీలో ఎలా ఉంటుందో తెరమీదే చూపిస్తుంది. కొన్ని రంగులు సరిగా కనబడని వాళ్లకు ఎలా ఉంటుందో కూడా చూపిస్తుంది. నొక్కి చూస్తే శివరాత్రి రంగూ, ఉగాది రంగూ ఒకే బూడిద రంగులో కలిసిపోయాయి. ఉగాది రంగును ముదురు చేసి, శివరాత్రి చెరువుల్లో సన్నటి అడ్డగీతలు వేశాం. రెండున్నర గంటల్లో మ్యాప్ కుదిరింది. చివర్లో తాత తన చెరువు చూసి ఏమీ అనలేదు, పక్క చెరువు గురించి మాట్లాడటం మొదలుపెట్టాడు. మ్యాప్‌ను నమ్మాడని అప్పుడు నాకు అర్థమైంది.

ఊళ్లో కుదిరింది, సర్వర్‌లో చెదిరింది

ఆ స్టైల్‌ను క్యూజీఐఎస్ నుంచి ఎస్‌ఎల్‌డీగా ఎక్స్‌పోర్ట్ చేసి జియోసర్వర్‌లో పెట్టాం. పని అయిపోయిందనుకున్నాం. మర్నాడు సంస్థ అమ్మాయి ఫోన్ చేసి, "సార్, బాణాలు పోయినై" అంది.

ఫైలు తెరిచి చూస్తే, బాణాలు ఉండాల్సిన చోట ఒక ఎక్స్‌ఎంఎల్ కామెంట్ ఉంది. ఈ రకం సింబల్ లేయర్ ఇంకా అమలు చేయలేదు అని దాని సారాంశం. ఎక్స్‌పోర్ట్ చేసేటప్పుడు తెరమీద ఏ హెచ్చరికా రాలేదు. ఎవరూ తెరవని ఫైలు లోపల ఒక మూల రాసి ఊరుకుంది. బాణాలు గుర్తుగా వేసే వేరే పద్ధతికి మార్చి, మళ్లీ ఎక్స్‌పోర్ట్ చేశాం. అవి వచ్చాయి. ఈసారి ఊళ్ల పేర్లు ఒకదాని మీద ఒకటి ఎక్కాయి.

దీని కారణం పట్టుకోవడానికి ఒక రోజంతా పట్టింది, కాబట్టి కాస్త వివరంగా చెప్తాను. చిన్న ఊళ్ల పేర్లు 1:70,000 కంటే దగ్గరికి వచ్చినప్పుడే కనబడాలని పెట్టాం. స్కేలు లెక్క కట్టాలంటే తెరమీద ఒక పిక్సెల్ ఎంత వెడల్పో తెలియాలి. ఓజీసీ ప్రమాణం 0.28 మిల్లీమీటర్లు అనుకోమంటుంది. నా ల్యాప్‌టాప్‌లో క్యూజీఐఎస్ 96 డీపీఐ (అంగుళానికి 96 పిక్సెళ్లు) అనుకుంది, అంటే సుమారు 0.26 మిల్లీమీటర్లు. దాంతో వెబ్ మ్యాప్‌లో జూమ్ 13 అనేది క్యూజీఐఎస్‌కు సుమారు 1:72,000, జియోసర్వర్‌కు సుమారు 1:68,000. మేం పెట్టిన 70,000 సరిగ్గా రెంటి మధ్య పడింది. క్యూజీఐఎస్‌లో ఆ జూమ్ దగ్గర చిన్న ఊళ్లు దాక్కున్నాయి, జియోసర్వర్‌లో అన్నీ ఒక్కసారిగా బయటికొచ్చాయి. రెండు సాఫ్ట్‌వేర్లలో ఏదీ తప్పు చేయలేదు. చూసి దిద్దిన చోటు ఒకటి, చూపించే చోటు ఇంకొకటి కావడమే కారణం.

గీతల మందమూ అంతే. క్యూజీఐఎస్‌లో మామూలుగా మిల్లీమీటర్లలో పెడతాం. ఎక్స్‌పోర్ట్‌లో ఒక మిల్లీమీటరు సుమారు మూడున్నర పిక్సెళ్లుగా మారుతుంది. నా తెరమీద అదే గీత మూడు పిక్సెళ్ల ముప్పావు. తేడా చిన్నదే, కానీ సన్నటి అడ్డగీతలన్నీ కలిసి ఆ నాలుగు రంగుల తూకం మారిపోయింది.

తెలుగు అక్షరం దగ్గర ఇంకో పాఠం

మధ్యలో ఇంకో దారి ప్రయత్నించాం. మ్యాప్‌ను బొమ్మగా కాకుండా ముక్కలుగా విడదీసిన డేటాగా (వెక్టర్ టైల్స్) పంపి, దాన్ని ఫోన్‌లోనే గీసే మ్యాప్‌లిబ్రే అనే లైబ్రరీతో చూపిస్తే వేగంగా ఉంటుంది, ఫోన్లలో బాగుంటుంది. దానికి మాపుట్నిక్ అనే ఓపెన్ సోర్స్ ఎడిటర్ ఉంది. స్విట్జర్లాండ్‌కు చెందిన లూకాస్ మార్టినెల్లి క్రౌడ్‌ఫండింగ్‌తో మొదలుపెట్టాడు, ఇప్పుడు మ్యాప్‌లిబ్రే సంఘం చూసుకుంటోంది. బ్రౌజర్‌లోనే తెరుచుకుంటుంది, ఇన్‌స్టాల్ చేయాల్సింది ఏమీ లేదు. సంస్థ అమ్మాయి అరగంటలో నేర్చుకుంది, తనే రంగులు మార్చింది.

కానీ ఊళ్ల పేర్లు పెట్టిన మొదటి నిమిషంలోనే వత్తులు విడిపోయాయి. వర్ధన్నపేట కాస్తా వర్‌ధన్‌నపేట అయింది. మ్యాప్‌లిబ్రే అక్షరాలను 256 కోడ్‌ల కట్టలుగా, ఒక్కో యూనికోడ్ కోడ్‌కు ఒక్కో బొమ్మగా తెచ్చుకుంటుంది. ఇంగ్లిష్‌కు అది చాలు. తెలుగులో 'ర్ధ'కు వేరే కోడ్ లేదు. ర, పొల్లు, ధ మూడూ ఫాంటు లోపల కలిసి కొత్త రూపం తీసుకోవాలి. ఆ కలిపే పనిని షేపింగ్ అంటారు. అరబిక్ కోసం ప్లగిన్ ఉంది, మనకు అప్పటికి లేదు. క్యూజీఐఎస్‌లో ఆ పని సరిగా జరుగుతుంది. మ్యాప్‌సర్వర్ అనే ఇంకో సర్వర్‌లో 7.0 వెర్షన్ నుంచి, జావాలో 9 నుంచి హార్ఫ్‌బజ్ అనే లైబ్రరీ ఆ పని చూసుకుంటోంది. జియోసర్వర్ జావా మీదే నడుస్తుంది కాబట్టి అందులో కూడా, సర్వర్‌లో నోటో శాన్స్ తెలుగు లాంటి ఫాంటు ఉంటే చాలు. మేం మొదట ఫాంటు పెట్టడం మర్చిపోతే అన్నీ డబ్బాలు వచ్చాయి, పెట్టాక సరిపోయింది.

అయినా మాపుట్నిక్ మీద నాకు గౌరవం పెరిగింది. తెలుగు రాదన్న సంగతి మొదటి నిమిషంలోనే తెలిసింది, ఎందుకంటే ఎడిటర్‌లో మ్యాప్ గీసేదీ, చివరికి జనం ఫోన్లో గీసేదీ ఒకే మ్యాప్‌లిబ్రే. ఎస్‌ఎల్‌డీ దారిలో బాణాలు పోయాయని మర్నాడు ఊరి నుంచి ఫోన్ వస్తే తెలిసింది. ఎడిటర్ చూపేది అబద్ధం కాకూడదు. బటన్లు ఎన్ని ఉన్నాయన్నది దీని తర్వాతే.

చివరికి ఎంచుకున్నది

జియోసర్వర్ తీసేసి క్యూజీఐఎస్ సర్వర్ పెట్టాం. ఇది క్యూజీఐఎస్ ప్రాజెక్టు ఫైలునే నేరుగా చదివి వెబ్ మ్యాప్‌గా ఇస్తుంది. లోపల గీసే ఇంజిన్ డెస్క్‌టాప్‌ది, సర్వర్‌ది ఒకటే. పంచాయతీ ఆఫీసు టీవీలో తాత ఒప్పుకున్న గోధుమ రంగు, బాణాలు, అడ్డగీతలు అన్నీ అలాగే వచ్చాయి. సర్వర్ లినక్స్ మెషీన్‌లో తెలుగు ఫాంటు పెట్టడం, రెండు చోట్లా ఒకే డీపీఐ ఉండేలా చూడటం, ఈ రెండు జాగ్రత్తలు తీసుకున్నాం.

ఇందులో నష్టాలున్నాయి. స్టైల్ ఇప్పుడు క్యూజీఐఎస్ సొంత రూపంలో ఉంది. రేపు ఇంకో సర్వర్‌కు మారాలంటే మళ్లీ అదే ఎక్స్‌పోర్ట్ తంటా. ప్రాజెక్టు ఫైలులో ఒక్క రంగు మారిస్తే చాలా లైన్లు కదులుతాయి, ఎవరు ఏం మార్చారో, మార్పుల చరిత్ర దాచే గిట్‌లో చదవడం కష్టం. జియోసర్వర్‌లో సీఎస్ఎస్, వైఎస్‌ఎల్‌డీ రూపాల్లో స్టైల్ రాస్తే ఆ మార్పులు ఎంత శుభ్రంగా కనబడతాయో తెలుసు కాబట్టి ఇది నాకు బాధగానే ఉంది. కోడ్ రాయగలిగిన వాళ్లకు ఆ రూపాలు నిజంగా మంచివి. ఈ పనిలో మాత్రం కోడ్ రాయని మనిషి చేయి స్టైల్ మీద పడటమే ముఖ్యం అనుకున్నాం.

ఎడిటర్లు ఎందుకు నిలవడం లేదు

ఈ అవసరాన్ని ఎవరూ గుర్తించలేదని కాదు. యూడిగ్ అనే డెస్క్‌టాప్ సాఫ్ట్‌వేర్‌లో ఎస్‌ఎల్‌డీని చూసి మార్చే వీలుండేది. అట్లస్‌స్టైలర్ అని ప్రత్యేకంగా దీనికోసమే ఒక ప్రోగ్రాం ఉండేది. ఓపెన్‌జియో సూట్‌లో జియోసర్వర్ కోసం బ్రౌజర్‌లోనే నడిచే స్టైలర్ ఉండేది. మ్యాప్‌లు గీసే మాప్నిక్ అనే ఇంజిన్ ఎక్స్‌ఎంఎల్‌తో విసిగిన వాళ్ల కోసం మాప్‌బాక్స్ కంపెనీ నుంచి టైల్‌మిల్ వచ్చింది, దానితో ఎంతోమంది మొదటిసారి సొంత మ్యాప్ చేసుకున్నారు. తర్వాత ఆ కంపెనీ మాప్‌బాక్స్ స్టూడియో వైపు వెళ్లింది, టైల్‌మిల్ వలంటీర్ల చేతుల్లో మిగిలింది. ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ ప్రధాన స్టైల్ అయిన కార్టో మీద పనిచేసేవాళ్లకు కాస్మ్‌టిక్ అనే పనిముట్టు ఊతమిచ్చింది. ఇప్పుడు జియోస్టైలర్ ఉంది. ఎస్‌ఎల్‌డీ, క్యూజీఐఎస్, ఓపెన్‌లేయర్స్, మాప్‌బాక్స్ రూపాల మధ్య స్టైల్‌ను అటూ ఇటూ మార్చడానికి ప్రయత్నిస్తోంది. మాలాంటి పనులకు అత్యంత దగ్గరగా ఉన్న ప్రయత్నం అదే అని నా అభిప్రాయం.

వీటిలో చాలావాటిని మెచ్చుకున్నవాళ్లే తప్ప డబ్బు పెట్టినవాళ్లు తక్కువ. సర్వర్ వేగం పెంచమని, సెక్యూరిటీ లోపం పూడ్చమని టెండర్లలో రాస్తారు. రంగులు మార్చుకునే పేజీ కావాలని ఎవరూ రాయరు, అది ఉంటుందిలే అనుకుంటారు. మిషన్ కాకతీయలో లెక్క తేలిన చెరువులే 46,531. ఆ చెరువులు ఉన్న ప్రతి ఊళ్లో ఒక నీరటి, ఒక రైతు, ఒక సర్పంచ్ ఆ మ్యాప్‌ను తప్పు పట్టగలగాలి. తప్పు పట్టిన చోటే దిద్దుకోగలగాలి. దానికి ఎక్స్‌ఎంఎల్ వచ్చిన మనిషి కావాలంటే ఆ మ్యాప్ ఎప్పటికీ ఆఫీసుదే అవుతుంది.

నా టెండర్ పత్రాల్లో ఇప్పుడు మూడు లైన్లు అదనంగా రాస్తున్నాను. స్టైల్ ఎడిటర్‌లో కనబడేది, జనానికి చేరేది ఒకే ఇంజిన్ గీయాలి. ఎక్స్‌పోర్ట్‌లో ఏది పోయినా, ఫైలు లోపల కాకుండా తెరమీద చెప్పాలి. అంగీకార పరీక్షలో వర్ధన్నపేట, నర్సంపేట అన్న పేర్లు వత్తులతో సహా సరిగా కనబడాలి. కొందరు వెండర్లు ఈ మూడో లైను చూసి ఫోన్ చేసి అడుగుతారు. స్క్రీన్‌షాట్ పంపిస్తాను.

ఆ మండలం మ్యాప్‌ను ఇప్పుడు సంస్థ అమ్మాయే చూసుకుంటోంది. వర్షాలు ముందే ఆగిపోయిన ఏడాది, శివరాత్రి రంగులో ఉన్న మూడు చెరువులను సంక్రాంతి రంగులోకి తనే మార్చింది, బోరు బావులకు కొత్త గుర్తు పెట్టింది. నాకు చెప్పలేదు. సర్వర్ లాగ్ చూస్తుంటే తెలిసింది. మొన్న ఫోన్ చేసినప్పుడు మాత్రం ఒకటే అడిగింది, మృగశిర అని ఇంకో గడి కావాలట, తాత అడుగుతున్నాడట, అది లెజెండ్‌లో రోహిణి కింద రావాలంటే వరుస ఎక్కడ మార్చాలి అని. పట్టుకుని కిందికి లాగమన్నాను.